మైగ్రేన్: నెలకు ఎన్ని రోజులు?

తలంటు పోసుకున్న రోజు తలనొప్పి తప్పదని చెప్పే ఆడవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. జుట్టు ఆరేలోపే కణత దగ్గర మొదలవుతుంది. మధ్యాహ్నానికి కంటి వెనక్కి చేరుతుంది. సాయంత్రానికి వాంతులు, చీకటి గది, తలకు బిగించి కట్టిన గుడ్డ. పాశ్చాత్య వైద్యగ్రంథాలు మైగ్రేన్‌ను రేపేవాటి కింద రెడ్ వైన్, చీజ్, చాక్లెట్ రాసేవి గానీ తలస్నానం ఊసెత్తేవి కావు. ముంబైలో తలనొప్పులకు వైద్యం చేసే కె. రవిశంకర్ 94 మంది భారతీయ రోగుల్ని పరిశీలించి, తలస్నానం నిజంగానే మైగ్రేన్‌ను రేపుతుందని 2006లో ‘సెఫలాల్జియా’ అనే వైద్యపత్రికలో రాశారు. అమ్మమ్మల కాలం నుంచి చెబుతున్న మాటకు వైద్యశాస్త్రంలో అలా చోటు దొరికింది.

ఆ పరిశీలన విలువైనదే. అయితే మైగ్రేన్ గురించి మన ఇళ్లలో సాగే ఆలోచనంతా అక్కడే, ‘దేనివల్ల వచ్చింది’ అన్న దగ్గరే ఆగిపోతుంది. ఎండలో తిరిగావు, టీ మానేశావు, రాత్రి ఫోను చూశావు, శనివారం ఒంటిపూట ఉన్నావు. ఇలా కారణాలు వెతుకుతుండగానే ఏళ్లు గడిచిపోతాయి. నెలకు ఎన్ని రోజులు వస్తోంది, అందులో ఎన్ని రోజులు మాత్ర మింగుతున్నావు అని మాత్రం ఎవరూ అడగరు. మైగ్రేన్ పరిశోధనను, మందుల మీద జరిగిన ప్రయోగాలను వరసగా చదివితే నాకు గట్టిగా తోచేది ఒక్కటే: చికిత్సకు దారి చూపేవి ఈ రెండు అంకెలే. కారణాల వేటకు ఇచ్చే శ్రద్ధలో సగం వీటికి ఇచ్చినా, ఇప్పుడు మంచం పడుతున్నవాళ్లలో చాలామంది లేచి తిరుగుతారు.

ఈ జబ్బు ఎంతమందికి ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రపంచంలో ఏడుగురిలో ఒకరికి, అంటే వంద కోట్ల మందికి పైగా మైగ్రేన్ ఉందని అంచనా. పక్కనే ఉన్న కర్ణాటకలో బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2015లో వచ్చాయి. ఏడాది వ్యవధిలో మైగ్రేన్ వచ్చినవాళ్లు పెద్దవాళ్లలో నూటికి 25 మంది. రాష్ట్రం సరిహద్దు దాటగానే ఈ లెక్క తారుమారవుతుందని అనుకోవడానికి కారణమేమీ లేదు. రజస్వల కాకముందు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇంచుమించు సమానంగా వచ్చే ఈ నొప్పి, ఆ తర్వాత ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువవుతుంది. పదిహేను నుంచి యాభై ఏళ్లలోపు ఆడవాళ్లను పనికి దూరం చేసే జబ్బుల్లో మైగ్రేన్‌ది మొదటి వరస. ప్రాణం తీయదు కాబట్టి దీన్ని జబ్బుల లెక్కలోనే వేయరు. ‘తలనొప్పే కదా’ అన్న మాట ఎంతమంది జీవితాల్లోంచి ఎన్ని రోజుల్ని మింగేసిందో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

అసలు మైగ్రేన్ అని ఎలా గుర్తుపట్టాలి? మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండే నొప్పి. ఒక పక్కన రావడం, నాడి కొట్టుకున్నట్టు పోటు పెట్టడం, పని చెడేంత తీవ్రంగా ఉండడం, మెట్లెక్కినా నాలుగడుగులు వేసినా ఎక్కువవడం అనే నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. వీటికి తోడు వికారమో వాంతులో ఉండాలి, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవాలి. ఇలాంటివి అయిదుసార్లు వస్తే అది మైగ్రేనే. పార్శ్వపు నొప్పి అని పిలుస్తున్నా రెండు పక్కలా రావచ్చు. నూటికి పాతిక ముప్పై మందికి నొప్పి కంటే ముందు కళ్లెదుట మెరుపు గీతలు వంకర టింకరగా కదులుతాయి, చూపులో కొంత మేర చెరిగిపోతుంది, వేళ్లో పెదవులో తిమ్మిరెక్కుతాయి. దీన్ని ఆరా అంటారు. అయిదు నిమిషాల నుంచి గంటలోపు తగ్గిపోతుంది. మొదటిసారి అనుభవించినవాళ్లు పక్షవాతం అనుకుని హడలిపోతారు.

ఈ రోగనిర్ధారణ అంతా రోగి చెప్పే మాటల మీదే జరుగుతుంది. పరీక్షలో తేడా ఏమీ కనిపించకపోతే స్కానింగ్ అక్కర్లేదు. డాక్టరు పావుగంట కూర్చుని అడిగితే తేలే విషయానికి వేల రూపాయలు పోసి ఎమ్మారై తీయించి, ‘అంతా నార్మల్, ఏమీ లేదు’ అనిపించుకుని ఇంటికి రావడం మన దగ్గర మామూలైపోయింది. స్కాన్‌లో కనిపించకపోయినా జబ్బు ఉంది.

తప్పు పేర్లతో పోయే కాలమూ తక్కువేం కాదు. సైనస్ అన్న పేరు వాటిలో పెద్దది. సైనస్ తలనొప్పి అని తామే అనుకున్న, లేదా డాక్టర్లు చెప్పిన దాదాపు మూడు వేల మందిని అమెరికాలో పరిశీలించి 2004లో ప్రచురించారు. వాళ్లలో నూటికి 88 మంది లక్షణాలు మైగ్రేన్‌కే సరిపోయాయి. మైగ్రేన్‌లో ముక్కు దిబ్బడ వేయడం, కన్ను నీరు కారడం సహజం కాబట్టే ఈ పొరపాటు. ఇక మన పల్లెల్లో చెప్పే పేరు పైత్యం. వాంతి అయితే తేలికపడుతుంది కాబట్టి పొట్టలో పుట్టి తలకెక్కిందని నమ్మకం. నిజానికి మైగ్రేన్ వచ్చినప్పుడు పొట్ట కదలిక మందగిస్తుంది. మొదలయ్యేది తలలోనే, పొట్ట దాని వెంట నడుస్తుంది. నొప్పి ముదిరాక మింగిన మాత్ర రక్తంలోకి సరిగా చేరకపోవడానికి ఇదొక కారణం.

తలలో జరిగేదేమిటో తెలియడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఆంగ్ల వైద్యుడు తన కళ్లకు కనిపించే ఆరాను బొమ్మలుగా గీశాడు. కోటగోడల్లా మొనలు తేలిన ఆ గీతలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. 1941లో కార్ల్ లాష్లీ అనే మెదడు శాస్త్రవేత్త తన ఆరా ఎంత వేగంగా జరుగుతోందో కొలిచి, మెదడు పైపొర మీద నిమిషానికి మూడు మిల్లీమీటర్ల చొప్పున ఏదో పాకుతోందని లెక్కగట్టాడు. మూడేళ్ల తర్వాత, 1944లో, బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడిస్ లియావ్ కుందేళ్ల మెదడులో అంతే వేగంతో నెమ్మదిగా పాకే తరంగాన్ని చూశాడు. అది దాటిన చోటల్లా నరకణాలు కాసేపు మూగబోతాయి. ఒకరు తన కళ్లతో, ఒకరు జంతువుల మెదడుతో వేర్వేరుగా వెళ్లి ఒకే అంకె దగ్గర కలుసుకున్న ఈ ఘట్టం నాకు వైద్యచరిత్రలో చాలా ఇష్టమైనది.

ఆ రోజుల్లో రాజ్యమేలిన సిద్ధాంతం మాత్రం వేరు. తలలోని రక్తనాళాలు ఉబ్బడమే నొప్పికి మూలమని న్యూయార్క్ వైద్యుడు హెరాల్డ్ వుల్ఫ్ చెప్పింది దశాబ్దాల పాటు నిలిచింది. 1979లో మైఖేల్ మాస్కోవిట్జ్ చూపును నరాల వైపు మళ్లించాడు. ముఖానికీ మెదడు పొరలకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం రక్తనాళాల చుట్టూ రసాయనాలు వదులుతుందని, నొప్పి అక్కడ పుడుతుందని అతని వాదం. వాటిలో ముఖ్యమైన రసాయనం సీజీఆర్‌పీ. మైగ్రేన్ వచ్చినవాళ్ల మెడ సిరలోంచి తీసిన రక్తంలో అది పెరుగుతోందని పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ 1990లో చూపించారు. ఈ ముగ్గురికీ, డెన్మార్క్‌కు చెందిన యెస్ ఒలెసెన్‌కూ కలిపి 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. వాళ్ల పని ఫలితమే ఇవాళ్టి కొత్త మందులు.

మైగ్రేన్ ఎక్కువగా కుటుంబాల్లో నడుస్తుంది. లక్ష మందికి పైగా రోగుల జన్యువులను చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. మైగ్రేన్‌తో ముడిపడ్డ చోట్లు అందులో 123 దొరికాయి. అంటే ఒక్క జన్యువు చేసే పని కాదిది. మార్పును ఓర్చుకోని మెదడు పుట్టుకతో వస్తుంది. నిద్ర తగ్గినా, పెరిగినా, భోజనం వేళ తప్పినా, నెలసరి ముందు ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయినా, మండుటెండలోంచి ఏసీ గదిలోకి వచ్చినా అది ఎదురుతిరుగుతుంది. ఒకటైతే తట్టుకుంటుంది, రెండు మూడు కలిస్తే తట్టుకోదు. అందుకే పోయినవారం ఏమీ చేయని తలస్నానం ఈ వారం మంచమెక్కిస్తుంది. మరో చిక్కు కూడా ఉంది. నొప్పికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకరోజు ముందే మెదడులో మైగ్రేన్ మొదలైపోతుంది. ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి మీదకు మనసు పోవడం దాని గుర్తులు. ఆ కోరికతో చాక్లెట్ తిన్నవాళ్లు ఆ తర్వాత వచ్చిన నొప్పికి చాక్లెట్‌ను తప్పుపడతారు. కారణాల చిట్టాను పూర్తిగా నమ్మి ఒక్కొక్కటీ మానుకుంటూ పోతే బతుకు ఇరుకవుతుంది తప్ప నొప్పి పోదు.

నొప్పి వచ్చిన రోజు ఏం చేయాలన్న దగ్గర మంచి ఆధారాలున్నాయి. రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయినవాళ్లు ఎందరు అన్నది ప్రయోగాల్లో వాడే కఠినమైన కొలమానం. 900 నుంచి 1000 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో నూటికి 24 మందికి పోయింది. 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌తో 26 మందికి, 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో 19 మందికి. ఉత్తుత్తి మాత్రతో 10 నుంచి 12 మందికి. 1991లో వచ్చిన సుమాట్రిప్టాన్ 100 మిల్లీగ్రాముల మాత్రతో 32 మందికి, అదే మందు చర్మం కిందికి ఇంజెక్షన్‌గా ఇస్తే 59 మందికి. కొత్తగా వచ్చిన రిమెజిపాంట్ బిళ్ల 21 మంది దగ్గర ఆగింది. ఇవి వేర్వేరు ప్రయోగాల అంకెలు, పక్కపక్కన పెట్టి తూచడంలో జాగ్రత్త కావాలి. అయినా 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 137 ప్రయోగాలను కలిపి చూసినవాళ్లు కూడా సుమాట్రిప్టాన్, రిజట్రిప్టాన్, ఎలెట్రిప్టాన్, జోల్మిట్రిప్టాన్ అనే పాత ట్రిప్టాన్లు నాలుగూ కొత్తవాటికంటే బాగా పనిచేస్తాయనే తేల్చారు. ఖరీదు పెరిగిన కొద్దీ గుణం పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు.

మందు పేరుకంటే వేళ ముఖ్యం. నొప్పి చిన్నగా ఉండగానే, తగిన మోతాదులో, అవసరమైతే వాంతులు తగ్గించే డోంపెరిడోన్ లాంటిది కలిపి వేసుకోవాలి. నొప్పి ముదిరితే తలలో దువ్వెన పెట్టినా మండుతుంది. ఆ దశకు చేరాక ట్రిప్టాన్లు కూడా సరిగా పనిచేయవు. ‘ఓర్చుకోలేనప్పుడు వేసుకుందాంలే’ అని సాయంత్రం దాకా ఆగి, అప్పుడు సగం మాత్ర మింగే అలవాటు మన ఆడవాళ్లలో ఎక్కువ. అది ఓర్పు అనిపించవచ్చు, వైద్యం దృష్టిలో మాత్రం మందు వృథా. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు, డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఎవరైనా ఆస్పిరిన్ జోలికి పోకూడదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే ట్రిప్టాన్లు పనికిరావు.

మన ఇళ్లలో మాత్ర కంటే ముందు చేయి పోయేది బామ్ సీసా మీదికి. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం నిలదొక్కుకున్నాకే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. తలనొప్పి మందు సొమ్ము మన భాషలో పత్రికకు పునాది అయిందన్నమాట. నుదుటికి మెంథాల్ రాస్తే కొంత ఉపశమనం ఉంటుందని చిన్న ప్రయోగాల్లో కనిపించింది. హాని లేని పని. అయితే మాత్ర వేసుకోవలసిన వేళను బామ్ రుద్దుతూ జారవిడుచుకోకూడదు.

అసలు ప్రమాదం మందుల షాపులో మొదలవుతుంది. నొప్పి తగ్గించే మాత్రే తరచుగా వేసుకుంటే కొత్త నొప్పిని పుట్టిస్తుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు గానీ కెఫీన్ లాంటివి కలిపిన మిశ్రమ మాత్రలు గానీ 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా వాడితే, మందు వల్ల వచ్చే తలనొప్పి మొదలవుతుందని ప్రమాణం. రోజూ పొద్దున్నే తలబరువుతో లేవడం, మాత్ర వేస్తే తగ్గడం, మర్నాడు మళ్లీ రావడం దాని తీరు. ఇందులో పడ్డవాళ్లు తమ మైగ్రేన్ ముదిరిందనుకుని ఇంకో మాత్ర ఎక్కువ వేస్తారు. బయటపడే దారి ఆ మాత్రలు తగ్గించి నివారణ మందు మొదలుపెట్టడమే. మొదటి ఒకటి రెండు వారాలు నొప్పి పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరు ముందే చెప్పకపోతే రోగి మూడోరోజే మళ్లీ షాపుకు వెళ్తాడు.

రెండో అంకె, అంటే నెలకు మాత్ర మింగే రోజుల లెక్క, అంత ముఖ్యమైనది అందుకే. ఇక మొదటిది, నొప్పి రోజుల లెక్క. నెలకు నాలుగు రోజులు, అంతకు మించి మైగ్రేన్ పని చెడగొడుతుంటే రోజూ వేసుకునే నివారణ మందు గురించి ఆలోచించాలి. ఇది దశాబ్దాలుగా ఉన్న సంగతే. ఛాతీనొప్పికి ఇచ్చిన ప్రొప్రనొలాల్‌తో ఒక రోగి మైగ్రేన్ కూడా తగ్గడం గమనించి వైద్యులు 1966లో రాశారు. అది ఇప్పటికీ మంచి మందే, ఆస్తమా ఉంటే తప్ప. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ నిద్ర పట్టనివాళ్లకు రెండు విధాలా మేలు. టోపిరమేట్ బరువు తగ్గిస్తుంది, వేళ్లు జివ్వుమనిపిస్తుంది, కొందరికి నోటిదాకా వచ్చిన మాట అందకుండా చేస్తుంది. మన డాక్టర్లు విరివిగా రాసే ఫ్లునారిజిన్ పనిచేస్తుంది గానీ బరువు, మగత, దిగులు పెంచవచ్చు. పెద్ద వయసువాళ్లలో వణుకు రావచ్చు. ఏదైనా సరే, సరిపడా మోతాదులో ఎనిమిది వారాలైనా వాడందే ఫలితం తెలియదు. పదిరోజులు వాడి ‘గుణం లేదు’ అని మానేయడం వల్లే ఈ మందులకు చెడ్డపేరు వచ్చింది. నొప్పి రోజులు సగానికి తగ్గితే విజయం అని లెక్క. పూర్తిగా మాయం చేస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లలో మొదటిది, ఎరెన్యుమాబ్, అమెరికాలో 2018 మేలో అనుమతి పొందింది. దాని ముఖ్య ప్రయోగంలో చేరినవాళ్లకు నెలకు సగటున ఎనిమిది మైగ్రేన్ రోజులుండేవి. 140 మిల్లీగ్రాముల మోతాదుతో 3.7 రోజులు తగ్గాయి. ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 1.8 రోజులు తగ్గాయి. తేడా దాదాపు రెండు రోజులు. పెదవి విరవవలసిన అంకె కాదు, పండగ చేసుకోవలసినదీ కాదు. ఈ మందుల అసలు బలం మరోచోట ఉంది: దుష్ప్రభావాలు తక్కువ, మధ్యలో మానేసేవాళ్లూ తక్కువ. అమెరికన్ హెడేక్ సొసైటీ 2024లో వీటిని నివారణలో మొదటి వరసలోనే వాడవచ్చని చెప్పింది. మన దగ్గర నెలకు వేల రూపాయలయ్యే ఈ ఇంజెక్షన్లు, పాత మందులు రెండు మూడు సరిగా వాడి చూశాకే అని నా అభిప్రాయం. నెలలో 15 రోజులు దాటి తలనొప్పి ఉండేవాళ్లకు మూడు నెలలకోసారి తల, మెడ చుట్టూ 31 చోట్ల ఇచ్చే బోటాక్స్ మరో దారి. 2010 నుంచి వాడుకలో ఉంది.

ఆడవాళ్ల విషయంలో మూడు సంగతులు రోగి అడక్కపోయినా డాక్టరు చెప్పాలి. ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, వాడకూడదు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు మైగ్రేన్ కోసం వాల్‌ప్రొయేట్ ఇవ్వకూడదు, బిడ్డకు అంగవైకల్యం, బుద్ధిమాంద్యం రావచ్చు. టోపిరమేట్‌తో కూడా బిడ్డకు ముప్పు ఉంది. గర్భిణుల్లో చాలామందికి నాలుగో నెల నుంచి మైగ్రేన్ దానంతటదే తగ్గుతుంది, ఈలోపు పారాసిటమాల్ చాలావరకు సరిపోతుంది. పిల్లల సంగతి వేరు. అమిట్రిప్టిలిన్‌నూ టోపిరమేట్‌నూ ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పెద్ద ప్రయోగం 2017లో వెలువడింది. మూడింటితోనూ సగం మందికి పైగా పిల్లలు బాగుపడ్డారు, ఉత్తుత్తి మాత్ర ఏమాత్రం వెనకబడలేదు. బడిపిల్లలకు మందుకంటే ముందు నిద్ర, పొద్దుటి తిండి, నీళ్లు చూడాలి.

పెద్దలకూ ఆ మూడు ముఖ్యమే. ఉపవాసం ఉండి తీరాలనుకునేవాళ్లు పూర్తిగా కడుపు మాడ్చుకోకుండా పాలు, పండ్లు వేళకు తీసుకోవడం మేలు. కాఫీ రోజుకు ఎన్నిసార్లయినా ఒకే వేళకు, ఒకే మోతాదులో ఉండాలి. ఆదివారం ఆలస్యంగా లేచినవాళ్లకు వచ్చే నొప్పిలో కాఫీ ఆలస్యం కావడానికీ పాత్ర ఉంటుంది. యోగా మీద ఢిల్లీ ఎయిమ్స్ చేసిన ప్రయోగం 2020లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చింది. మందులతో పాటు మూడు నెలలు యోగా చేసినవాళ్లకు, మందులు మాత్రమే వాడినవాళ్లకంటే నొప్పులు బాగా తగ్గాయి. ఎవరు యోగా చేస్తున్నారో అందరికీ తెలిసే ప్రయోగం కాబట్టి కొంత తగ్గించి చూడాలి. అయినా చేయదగినదే. మందులు ఆపి చేయమని అది చెప్పలేదు. రోజుకు 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్, మెగ్నీషియం కొందరికి ఉపయోగపడతాయి. ఒకప్పుడు పేరు తెచ్చుకున్న బటర్‌బర్ అనే మూలిక కాలేయాన్ని దెబ్బతీస్తుందని తేలి పక్కకు పోయింది. మూలిక అనగానే హాని లేదనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కొన్ని తలనొప్పుల్ని మైగ్రేన్ అని వదిలేయకూడదు. నిమిషంలోపు భరించలేనంతగా పెరిగిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, రోజుల తరబడి జ్వరంతో కలిసి ఉన్న తలనొప్పి, చెయ్యో కాలో పడిపోవడం, ఫిట్స్, యాభై దాటాక మొదటిసారి మొదలైన నొప్పి, క్యాన్సర్ గానీ హెచ్‌ఐవీ గానీ ఉన్నవాళ్లలో కొత్త నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మన దేశంలో టీబీ మెదడు పొరలకు సోకడం, బాలింతలకు మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం అరుదైన సంగతులు కావు. ముఖ్యంగా ప్రసవమైన కొద్దివారాల్లో వచ్చే గట్టి తలనొప్పిని ‘చల్లగాలి తగిలింది’ అని ఇంట్లో ఉంచకండి.

వీటిలో పడనివాళ్లే ఎక్కువ. వాళ్లకు న్యూరాలజిస్టు కూడా అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు రాయగల ప్రొప్రనొలాల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో మైగ్రేన్ నివారణకే చేర్చింది. గుర్తుపట్టడానికి మూడు ప్రశ్నలు చాలునని 2003లో అమెరికాలో రిచర్డ్ లిప్టన్ బృందం చూపింది: నొప్పి వచ్చినప్పుడు వికారం ఉంటుందా, వెలుతురు ఇబ్బంది పెడుతుందా, గడిచిన మూడు నెలల్లో దీనివల్ల ఒక్కరోజైనా పని ఆగిందా? రెండింటికి అవునంటే మైగ్రేన్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. బీపీ, షుగర్ పరీక్షల కోసం ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇప్పటికే ముప్పై దాటినవాళ్ల ఇళ్లకు వెళ్తున్నారు. ఆ పట్టికలో ఈ మూడు ప్రశ్నలు, నెలకు నొప్పి రోజులెన్ని, మాత్ర వేసుకున్న రోజులెన్ని అన్న రెండు గడులు చేర్చవచ్చు. వయసు హద్దును మాత్రం ఈ జబ్బు వరకు పద్దెనిమిదికి దించాలి, ముప్పై వచ్చేసరికి చాలామంది ఆడపిల్లలు పదేళ్లకు పైగా మైగ్రేన్‌తోనే చదివి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని ఉంటారు.